ఫిట్స్ మందులు: సైడ్ ఎఫెక్టులను ఇంట్లో ఎలా గమనించాలి, ఎప్పుడు ఏం చేయాలి

"ఈ మాత్ర వేసుకుంటే పొద్దున్న లేవలేకపోతున్నాడు, మానేయించమంటారా?" ఫిట్స్ మందుల గురించి నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమందిది ఇదే ప్రశ్న. కొందరైతే మాత్ర మానేసి, మూడో రోజు మళ్ళీ ఫిట్స్ వచ్చాక అడుగుతారు. అది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ మగతకు చాలాసార్లు సులువైన మార్గం ఉంటుంది. డోసు వేళ మార్చడమో, మందు పెంచే వేగం తగ్గించడమో చాలు. కాకపోతే ఆ నిర్ణయం తీసుకోవడానికి డాక్టర్ చేతిలో సరైన వివరాలు ఉండాలి. ఆ వివరాలు ఇంట్లోనే పుడతాయి.

నేను డాక్టర్‌ను కాదు. మా తమ్ముడికి పన్నెండేళ్ళుగా ఈ మందులు నడుస్తున్నాయి, వాటి లెక్క చూసేది నేను. ఇక్కడ రాసేది మందులు మార్చుకోవడం గురించి కాదు. వాటిని సరిగ్గా వేసుకోవడం, తేడా కనిపెట్టడం, ఏ తేడాకు ఎంత తొందరపడాలో తెలుసుకోవడం గురించి.

ముందు ఇంత తెలిస్తే చాలు

మెదడు కణాలు చిన్న చిన్న కరెంటు సంకేతాలతో పనిచేస్తాయి. ఒక గుంపు కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి సంకేతాలు కుమ్మరిస్తే ఫిట్స్ వస్తాయి. ఫెనిటోయిన్, కార్బమాజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్, లాకోసమైడ్ లాంటివి కణాల గోడల్లోని సోడియం ద్వారాలను నెమ్మదింపజేసి ఆ ఉధృతిని ఆపుతాయి. ఫెనోబార్బిటాల్, క్లోబజామ్ మెదడుకు సహజంగా ఉండే గాబా అనే బ్రేకుకు బలమిస్తాయి. లెవెటిరాసెటామ్ సంకేతాలను వదిలే చిన్న సంచుల మీది ఒక ప్రొటీన్‌ను పట్టుకుని పనిచేస్తుంది. వాల్‌ప్రోయేట్ ఒకటికి మించిన దారుల్లో పనిచేస్తుంది.

ఇందులో మనకు పనికొచ్చే విషయాలు రెండు. ఈ బ్రేకు ఫిట్స్ పుట్టే చోట మాత్రమే కాక మెదడంతా పడుతుంది, అందుకే మగత, తూలడం, మాట తడుముకోవడం. రెండోది, మందు రక్తంలో తగినంత ఉన్నంతసేపే కాపు కాస్తుంది. జ్వరం మాత్రలా అవసరమైనప్పుడు వేసుకునేది కాదిది.

కావలసినవి

- ఒక చిన్న నోటు పుస్తకం. ఫోన్ యాప్ కన్నా ఇదే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే ఇంట్లో ఎవరైనా రాయగలరు, డాక్టర్ ఒక్క చూపులో తిప్పేయగలరు.
- ఏడు రోజుల పేర్లున్న మాత్రల డబ్బా.
- ఫోన్‌లో రెండు అలారాలు.
- మందు సిరప్ అయితే మిల్లీలీటర్ల గీతలున్న సిరంజి. ఇంట్లో స్పూన్లు ఒక్కోటి ఒక్కో కొలత, వాటిని నమ్మకండి.
- వాడుతున్న ప్రతి మందు షీటు ఫోటో, పేరూ మిల్లీగ్రాములూ కనిపించేలా.
- డోసు తప్పితే ఏం చేయాలి, ఫిట్స్ ఆగకపోతే ఏం చేయాలి అని డాక్టర్‌ను అడిగి రాయించుకున్న కాగితం.

1. మందు మొదలుపెట్టే ముందే ఒక పేజీ రాయండి

నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, బరువెంత, కోపం వస్తే ఎలా ఉంటారు, జుట్టు, చిగుళ్ళు, నడక. ఇవన్నీ మందు మొదలుకాక ముందువి. ఈ పేజీ లేకపోతే ఆరు నెలల తర్వాత "జుట్టు ఇంతకుముందే ఊడేదా, ఇప్పుడే ఊడుతోందా?" అన్న ప్రశ్నకు ఇంట్లో నలుగురూ నాలుగు జవాబులు చెబుతారు.

ఆ పేజీ కిందే ఒక గీత గీయించండి. లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ వచ్చే గీత, నాలుగైదు చుట్టలు చాలు. దాని పక్కన తేదీ వేయండి. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళకు కొందరికి చేతులు వణుకుతాయి. నెలకోసారి అదే గీత గీయిస్తే వణుకు మొదలైన నెల కాగితం మీద కనిపిస్తుంది.

అప్పుడే డాక్టర్‌కు తప్పక చెప్పాల్సినవి: గతంలో ఏ ఫిట్స్ మందుకైనా ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా, లివర్ లేదా కిడ్నీ సమస్య ఉందా, డిప్రెషన్ వచ్చిందా, గర్భం ఉందా లేక ఆలోచన ఉందా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా.

2. వేళ కట్టుకోండి

రోజుకు రెండుసార్లు అంటే పన్నెండేసి గంటల తేడా. పొద్దున్న 8, రాత్రి 8 అనుకుందాం. పొద్దున్న 10కి ఒకటి, సాయంత్రం 5కి ఒకటి వేసుకుంటే మాత్రలు రెండే అయినా, సాయంత్రం మందు ఎక్కువై మగత వస్తుంది, తెల్లవారుజామున మందు పల్చబడి ఫిట్స్‌కు సందు దొరుకుతుంది.

కొన్ని మందులను వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతారు. "ఇంత చిన్న డోసు ఏం పనిచేస్తుంది" అని సొంతంగా పెంచకండి. లామోట్రిజిన్ విషయంలో ఈ తొందర ప్రమాదకరం. వేగంగా పెంచితే తీవ్రమైన చర్మ రియాక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పక్కన వాల్‌ప్రోయేట్ కూడా ఉంటే లామోట్రిజిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా పెంచుతారు.

3. మాత్రనూ సిరప్‌నూ దాని పద్ధతిలోనే వేయండి

పేరు చివర ఈఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉంటే ఆ మాత్ర మందును గంటల తరబడి నెమ్మదిగా వదులుతుంది. దాన్ని నలిపితే, నమిలితే రోజంతటికీ రావాల్సింది ఒక్కసారి వచ్చేస్తుంది. మింగడం కష్టమైతే వేరే రూపం ఉందేమో అడగండి. సగం చేయమని డాక్టర్ చెబితేనే, అదీ మధ్యలో గీత ఉన్న మాత్రనే విరవండి.

సిరప్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మాకు తెలిసిన ఇంట్లో నాలుగేళ్ళ పాపకు ఫెనిటోయిన్ సిరప్ ఇచ్చేవారు. సీసా కొత్తగా తెరిచిన వారం ఫిట్స్, సీసా అడుగుకు వచ్చే వారం తూలుడు. గోడ పట్టుకుని నడిచేదట. ప్రతి సీసాకూ ఇదే వరస. చివరికి తేలిందేమంటే, ఇచ్చే ముందు సీసా ఊపడం లేదు. మందు పొడి అడుగున పేరుకుపోయి, మొదటి డోసులు పల్చగా, చివరివి చిక్కగా వెళ్ళాయి. సీసాను తలకిందులు చేసి చూడండి. అడుగున తెల్లగా అంటుకుని ఉన్నది పూర్తిగా కదిలేదాకా ఊపండి, ఆ వెంటనే సిరంజితో తీయండి.

ఒకే కంపెనీ మాత్రలకు కట్టుబడి ఉండటం మంచిది, ముఖ్యంగా ఫెనిటోయిన్, కార్బమాజెపిన్‌ల విషయంలో. షాపులో వేరేది ఇస్తే, డాక్టర్‌ను అడిగాకే వాడండి. కనీసం మార్చిన తేదీని పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాయండి.

4. డైరీలో గంట రాయండి

"ఈ వారం కళ్ళు తిరిగాయి" అని రాస్తే దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. రాయాల్సింది నాలుగు: మాత్ర ఎన్నింటికి వేశారు, తేడా ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపు ఉంది, చూసినవాళ్ళకు ఎలా కనిపించింది.

మా తమ్ముడిది కార్బమాజెపిన్. ఒకసారి వరుసగా మూడు రోజులు 11 గంటలకు కిటికీ చువ్వలు రెండేసిగా కనిపిస్తున్నాయన్నాడు. అరగంట, ముప్పావుగంటలో సర్దుకునేది. నేను మాత్ర 8కి, తేడా 11కి అని మాత్రమే రాశాను. డాక్టర్ ఆ మూడు లైన్లు చూసి, "షీటు తెచ్చారా?" అని అడిగారు. అంతకుముందు వారం కొన్న షీటు మీద పేరు అదే, మిల్లీగ్రాములూ అవే, కానీ చివర సీఆర్ అన్న రెండు అక్షరాలు లేవు. నెమ్మదిగా వదిలే మాత్ర బదులు మామూలుది వచ్చింది. రక్తంలో మందు ఒక్కసారిగా ఎక్కిన వేళకే చూపు రెండయ్యేది. పాత రకం మాత్రకు మారాక రెండు రోజుల్లో పోయింది. ఆ గంట రాయకపోయి ఉంటే, ఈ మందే పడలేదని మంచి మందును వదులుకునేవాళ్ళం.

తేడా వేళతో ముడిపడి ఉంటే డోసును విడగొట్టడమో, పెద్ద భాగం రాత్రికి మార్చడమో కుదరవచ్చు. వేళతో పని లేకుండా రోజంతా ఉంటే మొత్తం డోసే ఎక్కువైందేమో చూస్తారు. ఆ మార్పులు డాక్టర్ చేయాల్సినవి.

5. తేడాను మూడు గదుల్లో ఏదో ఒకదాంట్లో వేయండి

మొదటి గది: ఆగి చూడొచ్చు. మొదటి రెండు మూడు వారాల కొద్దిపాటి మగత, తేలికపాటి తలతిరుగుడు, వికారం. ఇవి చాలామందికి ఒళ్ళు అలవాటు పడుతూ తగ్గుతాయి. ఈలోగా బండి నడపొద్దు, ఎత్తైన చోట పని వద్దు.

రెండో గది: ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌తో మాట్లాడాలి. నడకలో తూలడం, చూపు రెండవడం, మునుపెన్నడూ లేని కోపం, ఏడుపు, చదువులో ఉన్నట్టుండి వెనకబడటం, తగ్గకుండా ఉన్న మగత.

మూడో గది: అదే రోజు, అదే గంట హాస్పిటల్. ఇవి బయటికి కనబడేలా గోడకు అంటించండి:

- ఒంటి మీద దద్దుర్లు. జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం, చర్మం ఊడటం తోడైతే ప్రాణానికే ప్రమాదం. ఇది ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే వస్తుంది.
- ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, కళ్ళు పచ్చబడటం, లేపినా సరిగ్గా లేవనంత మత్తు. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళలో లివర్, పాంక్రియాస్ దెబ్బతినడానికి ఇవి సూచనలు.
- దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం.
- టోపిరమేట్ వాడుతుండగా హఠాత్తుగా కంటినొప్పి, చూపు మసకబారడం.
- చనిపోవాలన్న మాటలు, ఆలోచనలు. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఫిట్స్ మందులన్నిటికీ ఈ హెచ్చరిక జోడించింది. అరుదే, కానీ ఆ మాట వింటే మందలించకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే తీసుకెళ్ళండి.

దద్దుర్లు వచ్చినప్పుడే చాలామంది తికమక పడతారు: తర్వాతి మాత్ర వేయాలా వద్దా అని. అది ఫోన్‌లోనైనా డాక్టర్ చెప్పాల్సిన మాట. అందుకే తర్వాతి డోసు వేళ కాకముందే కాల్ చేయండి.

6. మీ మందుకు తగ్గ గుర్తులు చూడండి

ఫెనిటోయిన్ చాలా పాతది, 1938 నుంచి వాడుకలో ఉంది. చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరుగుతాయి, ముఖం మీద రోమాలు రావచ్చు. మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోమడం, డెంటిస్టుకు చూపించడం చిగుళ్ళకు మేలు చేస్తాయి. దీని గుణం ఒకటుంది: ఒక స్థాయి దాటాక డోసు కొంచెం పెంచినా రక్తంలో చాలా ఎక్కువ పెరిగిపోతుంది. ఇంట్లో చూసే పద్ధతి: మడమకు బొటనవేలు ఆనించుకుంటూ సరళరేఖ మీద పదడుగులు నడిపించండి, పక్కనే మీరు నిలబడి. నిన్నటిదాకా నడిచినవాళ్ళు ఇవాళ తూలితే రెండో గది.

కార్బమాజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ వాడుతుంటే రక్తంలో సోడియం తగ్గొచ్చు, పెద్దవయసు వాళ్ళలో ఇది ఎక్కువ. తలనొప్పి, వికారం, తికమకగా మాట్లాడటం కనిపిస్తే సోడియం పరీక్ష గురించి అడగండి. కొన్ని ఆసియా జాతుల్లో ఉండే హెచ్ఎల్ఏ-బీ 1502 అనే జన్యువు ఉన్నవాళ్ళకు కార్బమాజెపిన్‌తో చర్మ రియాక్షన్ ముప్పు చాలా ఎక్కువ. మొదలుపెట్టకముందే ఆ పరీక్ష అవసరమా అని అడగొచ్చు.

వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగడం, జుట్టు పల్చబడటం, వణుకు. నెలకోసారి బరువు రాయండి.

లెవెటిరాసెటామ్ చాలామందికి బాగా పడుతుంది. కానీ మనిషి స్వభావాన్ని మార్చేది కూడా ఇదే. చిన్న మాటకు పళ్ళెం విసిరేసే కోపం, ఊరికే ఏడవడం. మందు వేసుకునేవాళ్ళకు అది తెలియదు, ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. "పిల్లాడు మొండివాడయ్యాడు" అని కొట్టేముందు మందు మొదలైన తేదీ చూడండి. దయచేసి చూడండి.

టోపిరమేట్‌తో మాటలు తడుముకోవడం, వేళ్ళలో తిమ్మిరి, బరువు తగ్గడం, చెమట తగ్గి ఒళ్ళు కాగడం, కిడ్నీలో రాళ్ళు. నీళ్ళు బాగా తాగాలి. ఫెనోబార్బిటాల్, క్లోబజామ్‌తో మగత, పిల్లల్లో కొందరికి దానికి విరుద్ధంగా కుదురు లేకపోవడం. ఫెనిటోయిన్, కార్బమాజెపిన్, ఫెనోబార్బిటాల్ ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు బలహీనపడొచ్చు. విటమిన్ డి గురించి అడగండి.

7. ఆడవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి

గర్భంలో వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో దాదాపు 10 మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల, నేర్చుకోవడంలో సమస్యలు ఉంటాయని యూరప్ ఔషధ సంస్థలు హెచ్చరిస్తున్నాయి. టోపిరమేట్‌తోనూ ముప్పు ఉంది. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ వీటికన్నా చాలా సురక్షితమైనవి. అందువల్ల మందు మార్పు గర్భానికి నెలల ముందే జరగాలి, ఫోలిక్ యాసిడ్ కూడా ముందే మొదలవ్వాలి.

ఇప్పటికే గర్భం వచ్చిందని తెలిస్తే మాత్ర ఆపకండి. ఆ భయంతో ఒక్కసారిగా ఆపేస్తే పెద్ద ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకీ ప్రమాదం. అదే రోజు డాక్టర్‌ను కలవండి.

ఇంకోటి. ఫెనిటోయిన్, కార్బమాజెపిన్, ఫెనోబార్బిటాల్ గర్భనిరోధక మాత్రల బలం తగ్గిస్తాయి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్ స్థాయిని తగ్గిస్తాయి. ఫిట్స్ డాక్టర్‌కూ, గర్భనిరోధక మాత్రలు రాసే డాక్టర్‌కూ రెండు మందుల సంగతీ తెలియాలి.

8. డోసు తప్పితే

గుర్తొచ్చిన వెంటనే వేయండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడి ఉంటే తప్పినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేయకండి. వేశారో లేదో గుర్తులేదంటే డబ్బా చూడండి, అందుకే డబ్బా. ఒక రోజుకు మించి తప్పితే డాక్టర్‌కు ఫోన్ చేయండి. లామోట్రిజిన్ కొన్ని రోజులు పూర్తిగా ఆగితే పాత డోసుతో నేరుగా మొదలుపెట్టకూడదు, మళ్ళీ చిన్న డోసు నుంచి రావాల్సి ఉంటుంది.

మాత్ర వేసుకోగానే వాంతి అయితే వాంతిలో మాత్ర కనిపించిందా, ఎన్ని నిమిషాలకు అయ్యిందో చూసి అడగండి. ప్రయాణమైతే మందులు చేతి సంచిలో ఉండాలి, వారం రోజులకు అదనంగా.

9. కొత్త మందు ఏదైనా చేరేముందు

దగ్గుకో ఇన్‌ఫెక్షన్‌కో వెళ్ళినా షీటు ఫోటో చూపించండి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కార్బమాజెపిన్‌ను రక్తంలో పెంచుతాయి. టీబీకి వాడే ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్‌ను పెంచుతుంది. మెరోపెనెమ్ ఇంజెక్షన్ వాల్‌ప్రోయేట్‌ను బాగా పడగొడుతుంది. నొప్పికి ఇచ్చే ట్రామడాల్ తనంతట తానే ఫిట్స్ తెప్పించగలదు.

10. రక్త పరీక్షకు సరైన వేళ

మందు స్థాయి పరీక్ష రాస్తే, వేరేగా చెబితే తప్ప, పొద్దున్న డోసుకు ముందు రక్తం ఇవ్వండి. మాత్ర వేసుకున్న రెండు గంటలకు ఇస్తే అంకె ఎక్కువ వచ్చి, ఉన్న డోసు తగ్గించే పొరపాటు జరగొచ్చు. చివరి డోసు ఎన్నింటికి వేశారో ల్యాబ్ కాగితం మీద రాయించండి. ఫెనిటోయిన్‌కు మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు, వాల్‌ప్రోయేట్‌కు 50 నుంచి 100 అని రిపోర్టులో కనిపిస్తుంది. అంకె కింద ఉన్నా ఫిట్స్ లేకుండా హాయిగా ఉంటే మార్చాల్సిన పని ఉండకపోవచ్చు. అంకె లోపలే ఉన్నా మనిషి తూలుతుంటే ఆ తూలడమే ముఖ్యం.

11. మందు వాడుతున్నా ఫిట్స్ వస్తే

"మందు పనిచేయట్లేదు" అని తేల్చేముందు డైరీలో గత వారం చూడండి. డోసు తప్పిందా? నిద్ర చాలలేదా? జ్వరం, విరేచనాలు? మద్యం? కొత్త మందు, కొత్త కంపెనీ షీటు? చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఇవేవీ లేకుండా రెండు మందులు సరైన డోసులో వాడాక కూడా ఫిట్స్ ఆగకపోతే ఎపిలెప్సీ నిపుణుల దగ్గరికి పంపమని అడగండి, ఏళ్ళ తరబడి మందులు చేర్చుకుంటూ పోవద్దు.

ఫిట్స్ వచ్చిన క్షణంలో: గడియారం చూడండి, చుట్టూ గట్టి వస్తువులు తీయండి, తల కింద మెత్తటిది పెట్టండి, కొట్టుకోవడం తగ్గాక పక్కకు తిప్పండి. నోట్లో ఏదీ పెట్టకండి, స్పూను గానీ నీళ్ళు గానీ మాత్ర గానీ. చేతిలో ఇనుము పెట్టడం వల్ల ఉపయోగం లేదు, ఆ నిమిషం వృథా. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా అంబులెన్స్. మిడాజోలం స్ప్రే రాసిచ్చి ఉంటే చెప్పిన విధంగా ముక్కులో కొట్టండి.

12. తగ్గించాలన్నా, మానాలన్నా

సరైన మందుతో దాదాపు 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందరికీ జీవితాంతం మందు అవసరం లేదు. రెండేళ్ళు, అంతకుమించి ఒక్క ఫిట్ కూడా లేకపోతే ఆపే మాట మీరే ఎత్తవచ్చు. ఈఈజీ (మెదడు కరెంటు సంకేతాల పరీక్ష), స్కాన్, ఫిట్స్ రకం చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. ఆపడం కూడా వారాలు, నెలల మీద మెట్టు మెట్టుగా. ఫెనోబార్బిటాల్, క్లోబజామ్ లాంటివి ఒక్కసారిగా ఆపితే, ఆగకుండా ఫిట్స్ వచ్చే స్థితికి దారితీయొచ్చు.

తగ్గిస్తున్న రోజుల్లో బండి నడపడం, ఒంటరిగా ఈత కొట్టడం వద్దు. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టొద్దని చెప్పండి. కొత్త డోసు పట్టికను డాక్టర్ చేతనే రాయించుకుని, పాత పట్టికను చించేయండి. రెండు పట్టికలు పక్కపక్కన ఉంటే రాత్రివేళ కళ్ళు పాతదాని మీదే పడతాయి. మా ఇంట్లో అలా ఒకసారి జరిగింది, మూడు రోజులు పాత డోసే వెళ్ళింది. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక్క కాగితమే ఉంటుంది, పైన తేదీతో.